బ్లాక్‌చెయినా, శాటిలైటా, సర్టిఫికెట్టా: ఆహార వాణిజ్యంపై పీహెచ్‌డీకి ఏది మేలు?

ఆహార వాణిజ్యం, డిజిటల్ టెక్నాలజీ, సుస్థిరత. ఈ మూడింటినీ ఒకే టైటిల్‌లో ఇరికించి సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) రాసుకొచ్చే స్కాలర్లు ఈమధ్య బాగా పెరిగారు. నా బల్ల మీదికి వచ్చేవాటిలో చాలావాటి పేరులోనే బ్లాక్‌చెయిన్ (చాలామంది కలిసి పంచుకునే డిజిటల్ చిట్టా) ఉంటుంది. తర్వాతి స్థానం శాటిలైట్ మ్యాపులది. ఎగుమతి సర్టిఫికెట్లు కాగితం నుంచి కంప్యూటర్‌లోకి మారడం మీద పని చేస్తానంటూ వచ్చేవాళ్లు ఏ ఒక్కరో ఇద్దరో. నన్నడిగితే ఆ మూడోదే మేలు. అలాగని మొదటి రెండూ తీసిపారేయాల్సినవి కావు.

బ్లాక్‌చెయిన్ మీద మోజు ఊరికే రాలేదు. దాని వెనక ఒక మామిడిపండు కథ ఉంది. వాల్‌మార్ట్‌లో ఆహార భద్రత చూసిన ఫ్రాంక్ యానాస్, కోసిన మామిడి ముక్కల ప్యాకెట్ ఒకటి తెచ్చి, ఇది ఎక్కడ కాసిన పండో కనుక్కోండని తన టీమ్‌కు చెప్పాడు. 6 రోజుల 18 గంటల 26 నిమిషాలు పట్టింది. తర్వాత ఐబీఎం బ్లాక్‌చెయిన్ మీద అదే పని చేసి చూస్తే 2.2 సెకన్లు!

ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే ఏ కమిటీ అయినా తలూపుతుంది. కానీ స్కాలర్ అక్కడ ఆగకూడదు. ఆ 2.2 సెకన్లు బ్లాక్‌చెయిన్ పుణ్యమా, లేక అందరి చేతా ముందుగానే ఒకే పద్ధతిలో డేటా నింపించడం వల్ల వచ్చిందా? తోట, ప్యాకింగ్ షెడ్డు, గోదాము, దుకాణం ఒకే తీరున వివరాలు ఎక్కిస్తే మామూలు డేటాబేస్ కూడా సెకన్లలోనే జవాబిస్తుంది. ఒకసారి ఎక్కించిన వివరాన్ని తర్వాత ఎవరూ గుట్టుగా మార్చకుండా చూడటమే బ్లాక్‌చెయిన్ ప్రత్యేకత. ఎక్కించేటప్పుడే అబద్ధం ఎక్కిస్తే, ఆ అబద్ధాన్నీ అంతే భద్రంగా దాచిపెడుతుంది. 2013లో యూరప్‌లో గొడ్డు మాంసం లేబుల్ కింద గుర్రం మాంసం అమ్ముతున్న సంగతి బయటపడింది ఐర్లండ్‌లో చేసిన డీఎన్‌ఏ పరీక్షల వల్ల. రికార్డులు తిరగేస్తే దొరికే మోసం కాదది.

ట్రేడ్‌లెన్స్ సంగతి ఇంకా ఆసక్తికరం. ఓడల కంపెనీ మెర్స్క్, ఐబీఎం కలిసి కంటైనర్ల రవాణా పత్రాల కోసం బ్లాక్‌చెయిన్ మీద కట్టిన వేదిక అది. 2018లో మొదలైంది. ఆపేస్తున్నామని 2022 నవంబర్‌లో ప్రకటించారు. అంటే దాదాపు ఒక పీహెచ్‌డీ నడిచినంత కాలం బతికింది. మొదట్లో దాన్నే నమ్ముకుని చేరిన స్కాలర్ థీసిస్ బైండింగ్‌కు ఇచ్చే వేళకు అసలు వస్తువే లేదు. పరిశ్రమ మొత్తం కలిసిరాలేదని కంపెనీలే చెప్పాయి. పోటీదారు భాగస్వామిగా ఉన్న వేదిక మీద మన సరుకు వివరాలు పెట్టడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఆ అపనమ్మకం మీద మంచి థీసిస్ వస్తుంది. కానీ నా దగ్గరికి వచ్చేవాళ్లంతా ఇంకో కొత్త నమూనా కడతామనే అంటారు. కట్టాక వాడేవాళ్లు ఏరని అడిగితే, డెమో ఉందిగా సర్ అంటారు.

ఇక శాటిలైట్. దీనికి ఊపు తెచ్చింది యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన అడవుల నరికివేత నిరోధక నియమం. పశువులు, కోకో, కాఫీ, ఆయిల్ పామ్, రబ్బరు, సోయా, కలప, వీటితో చేసిన అనేక ఉత్పత్తులు దీని కిందికి వస్తాయి. 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి కొట్టిన నేలలో పండిన సరుకు ఆ మార్కెట్‌లోకి రాకూడదు. అందుకని పండిన నేల ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో సహా చెప్పాలి.

పని రుచిగానే ఉంటుంది. తోటంతా తిరగొచ్చు, మ్యాపులు గీయొచ్చు, రైతులతో మాట్లాడొచ్చు. చిక్కులూ అక్కడే ఉన్నాయి. పెద్ద చెట్ల నీడలో పెంచే కాఫీ, కోకో తోటలు పైనుంచి చూస్తే అడవిలాగే కనిపిస్తాయి. తోటను అడవి అని శాటిలైట్ మ్యాపు పొరబడితే నష్టపోయేది రైతే. అంతకన్నా పెద్ద తలనొప్పి తేదీ. నియమం 2024 డిసెంబర్ 30 నుంచి అమల్లోకి రావాల్సింది. ముందు ఏడాది వాయిదా, తర్వాత మరో వాయిదా. 'అమలుకు ముందు, తర్వాత' అంటూ అధ్యాయాలు పంచుకున్న స్కాలర్‌కు 'తర్వాత' రాకుండానే ఫెలోషిప్ అయిపోయే ప్రమాదం ఉంది. డేటా లేని టెన్షన్ ఒకటి, గైడ్ ఫోన్ల టెన్షన్ ఇంకొకటి.

అయినా ఇందులో ఒక మంచి గీత ఉంది. పశువుల మేత భూములను పక్కన పెడితే, 4 హెక్టార్లు దాటిన కమతానికి సరిహద్దంతా గీసి ఇవ్వాలి, అంతకు లోపైతే ఒక్క బిందువు చాలు. 3.9 హెక్టార్ల రైతుకూ 4.1 హెక్టార్ల రైతుకూ సేద్యంలో తేడా ఏముంటుంది? ఖర్చులో మాత్రం ఉంటుంది. ఆ గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్ల మధ్య అమ్మకాలు, ధరలు ఎలా మారాయో చూస్తే నియమం బరువు ఎవరి నెత్తిన పడిందో తెలుస్తుంది. ఈ ఒక్క ప్రశ్నతో ఎవరైనా వస్తే శాటిలైట్‌కు సరేనంటాను.

మూడోది ఫైటోశానిటరీ సర్టిఫికెట్. సరుకులో చీడపీడలు లేవని ఎగుమతి చేసే దేశపు ప్రభుత్వ అధికారి సంతకం పెట్టి ఇచ్చే పత్రం. మొక్క శాస్త్రీయ నామం, పరిమాణం, ఎక్కడ పండింది, ఏ శుద్ధి చేశారు అన్నీ ఉంటాయి. ఓడ రేవుకు చేరినా అసలు కాగితం రాకపోతే సరుకు కదలదు. పేరులో ఒక అక్షరం తప్పు పడితే మళ్లీ కొత్త పత్రం, మళ్లీ కొరియర్. లోపల పండ్లు మగ్గుతూనే ఉంటాయి.

దీన్ని ఈ-ఫైటోగా మార్చారు. అంతర్జాతీయ సస్య సంరక్షణ ఒడంబడిక కింద ఒక హబ్ నడుస్తోంది. ఒక దేశం సర్టిఫికెట్‌ను ఫైలుగా పంపితే హబ్ అవతలి దేశానికి చేరవేస్తుంది. సొంత సిస్టమ్ లేని దేశాలకు వెబ్‌లో వాడుకునే తయారు సిస్టమ్ కూడా ఇచ్చారు. వందకు పైగా దేశాలు చేరాయి. ఇందులో అద్భుతం ఏమీ లేదు, ఉత్తరం బదులు మెయిల్ లాంటిదే.

పరిశోధకుడికి పనికొచ్చేది దేశాలన్నీ ఒకేరోజు చేరకపోవడం. ఏ రెండు దేశాల మధ్య ఎప్పుడు మొదలైందో చూసి, అప్పటికి ఇంకా చేరని జంటలతో పోల్చొచ్చు. ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ 2007లో ప్రచురించిన కేరళ చేపల అధ్యయనానికి బలం ఇదే. 1997 నుంచి 2001 మధ్య ఉత్తర కేరళ తీరానికి సెల్‌ఫోన్ విడతలవారీగా వచ్చింది. ఏ మార్కెట్‌లో కొనేవాళ్లున్నారో సముద్రం మీదినుంచే కనుక్కునే వీలు కలిగాక, అంతకుముందు 5 నుంచి 8 శాతం వృథా అయ్యే చేపల పారబోత దాదాపు ఆగిపోయింది. జాలర్ల లాభం సుమారు 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది. ఆయన ఫోన్ తయారు చేయలేదు, అది వచ్చిన తేదీలను వాడుకున్నాడు.

సర్టిఫికెట్‌లో ఇంకో సౌకర్యం ఉంది. తాజా పండుకు అది సాధారణంగా కావాలి, అదే పండు గుజ్జుగా డబ్బాలో వెళితే సాధారణంగా అక్కర్లేదు. పంట ఒకటే, వాతావరణం ఒకటే, కాగితం ఒక్కటే తేడా. పోల్చి చూడటానికి ఇంత మంచి కంట్రోల్ గ్రూపు ఊరికే దొరకదు. ఎగుమతి లెక్కలు ఐక్యరాజ్యసమితి వాణిజ్య డేటాబేస్ కామ్‌ట్రేడ్‌లో ఉన్నాయి. రేవులో సరుకు ఎన్నాళ్లు ఆగిందన్న డేటా మాత్రం ఆఫీసుల చుట్టూ తిరిగి సంపాదించుకోవాల్సిందే. ఏడాది పోయినా పోవచ్చు.

సుస్థిరత అనే మాట కూడా ఇక్కడ గట్టిగా నిలదీస్తుంది. సర్టిఫికెట్ త్వరగా వచ్చి పండ్లు కుళ్లడం తగ్గితే మంచిదే. ఆ సులువు వల్లే విమానాల్లో వెళ్లే సరుకు పెరిగితే? పూర్, నెమెచెక్ అనే పరిశోధకులు 2018లో సైన్స్ పత్రికలో వేసిన లెక్కలో చాలా ఆహారాల ఉద్గారాల్లో రవాణా వాటా చిన్నది. 2022లో నేచర్ ఫుడ్‌లో వచ్చిన మరో లెక్క ఆ వాటాను ఆహార వ్యవస్థ మొత్తం ఉద్గారాల్లో 19 శాతం దాకా తీసుకెళ్లింది. ఎరువులు, యంత్రాల రవాణాను కూడా కలిపారు కాబట్టి. ఏ లెక్క వాడుతున్నామో మొదటి అధ్యాయంలోనే తేల్చుకోవాలి.

కంప్యూటర్ సైన్స్ నుంచి వచ్చి, ఏదో ఒకటి కట్టకపోతే నిద్రపట్టని వాళ్లకు ఈ టాపిక్ పడదు. మొన్న ఒకమ్మాయికి ఇదంతా చెబితే, "టైటిల్ మరీ ఆఫీసు ఫైలు పేరులా ఉంది సర్" అంది. వారం తర్వాత ముందు 'డిజిటల్ ఇన్నోవేషన్' అని తగిలించి తెచ్చింది. నేనేమీ అనలేదు, సంతకం పెట్టాను.