ల్యాబ్ మొత్తానికి ఒకే ఎక్స్‌టెన్షన్: ఫైర్‌ఫాక్స్ పాలసీ ఫైల్ ఎంతవరకు నమ్మొచ్చు?

కాలేజీ ల్యాబుల్లో, లైబ్రరీల్లో ఒకే కంప్యూటర్‌ను చాలామంది వాడతారు. అందరి ఖాతాల్లోనూ ఒకే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు అదనపు పనులు జోడించే చిన్న ప్రోగ్రామ్) ఉండాలంటే ఫైర్‌ఫాక్స్‌లో ఒక నమ్మదగిన దారి పాలసీస్ డాట్ జేసన్ (policies.json), అంటే బ్రౌజర్ పాటించాల్సిన నియమాలను (పాలసీలను) అడ్మిన్ రాసిపెట్టే ఫైల్. ఇది 2018లో 60వ వెర్షన్‌తో వచ్చింది. సిస్టమ్ ఫోల్డర్‌లో ఎక్స్‌పీఐ (ఎక్స్‌టెన్షన్ ప్యాకేజీ) ఫైల్ పడేసే పాత పద్ధతికి మామూలు ఫైర్‌ఫాక్స్ 74వ వెర్షన్‌లోనే (2020) తలుపు మూసేసింది. ఇంకా ఆ పద్ధతినే పట్టుకుని కూర్చుంటే టైమ్ వృథా.

లినక్స్‌లో ఈటీసీ (/etc) ఫోల్డర్ కింద ఫైర్‌ఫాక్స్, దాని లోపల పాలసీస్ ఫోల్డర్ చేసి ఈ ఫైల్ పెట్టాలి. అందరూ చదవగలిగేలా పర్మిషన్ 644 ఇవ్వండి; రూట్ (అడ్మిన్ ఖాతా) ఒక్కడే చదవగలిగితే విద్యార్థుల ఖాతాల్లో పాలసీ అమలు కాదు. విండోస్‌లో ఫైర్‌ఫాక్స్ ఇన్‌స్టాల్ అయిన చోటే డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ చేయాలి. నోట్‌ప్యాడ్ పేరు చివర డాట్ టీఎక్స్‌టీ తగిలించిందేమో చూసుకోండి.

దీనిలో నాకు బాగా నచ్చింది ఎబౌట్ పాలసీస్ (about:policies) పేజీ. బ్రౌజర్ మూసి తెరిచాక అడ్రస్ బార్‌లో అది కొడితే ఏ పాలసీ అమల్లో ఉందో, ఎక్కడ తప్పుందో చూపిస్తుంది. ఒక్క కామా తేడా వచ్చినా ఫైల్ మొత్తం పక్కకు పోతుంది కాబట్టి మొదట చూడాల్సింది ఇక్కడే.

అసలు చిక్కు ఆ తర్వాత. పాలసీ యాక్టివ్ అని ఉంటుంది, ఎక్స్‌టెన్షన్ మాత్రం రాదు! చాలాసార్లు తప్పు ఎక్స్‌టెన్షన్ ఐడీలో (దాని గుర్తింపు కోడ్‌లో) ఉంటుంది. పాలసీ ఫైల్‌లోని ఎక్స్‌టెన్షన్ సెట్టింగ్స్ భాగంలో రాయాల్సింది స్టోర్‌లో కనబడే పేరు కాదు. వేరే కంప్యూటర్‌లో దాన్ని చేత్తో ఇన్‌స్టాల్ చేసి, ఎబౌట్ సపోర్ట్ (about:support) పేజీలో చూపించే ఐడీని మీసాల బ్రాకెట్లుంటే వాటితో సహా కాపీ చేయాలి. డౌన్‌లోడైన ఫైల్ ఐడీ దీనితో కలవకపోతే ఫైర్‌ఫాక్స్ ఇన్‌స్టాల్‌ను ఆపేస్తుంది. ఆ హెచ్చరిక కంట్రోల్ షిఫ్ట్ జే నొక్కితే వచ్చే బ్రౌజర్ కన్సోల్‌లో ఉంటుంది. ఈ ఐడీ చిక్కుకే ఒక స్టార్ కోసి 5కి 4 ఇస్తున్నాను. 

ఉబుంటులో వచ్చే స్నాప్ (మిగతా సిస్టమ్ నుంచి వేరు చేసి నడిపే ప్యాకేజీ) ఫైర్‌ఫాక్స్ ఈటీసీలోని పాలసీని చదువుతుంది. కానీ ఎక్స్‌పీఐని ఆప్ట్ లాంటి ఫోల్డర్‌లో పెట్టి దారి ఇస్తే అక్కడికి చేరలేదు. వెబ్ లింకే ఇవ్వండి. ప్రైవేట్ విండోల్లో ఎక్స్‌టెన్షన్ దానంతటది నడవదు, విడిగా అనుమతించాలి.

తీసేయాలంటే ఫైల్‌లోంచి ఆ ఎంట్రీ చెరిపేస్తే చాలదు, ఎక్స్‌టెన్షన్ ఖాతాల్లో ఉండిపోతుంది. ఆ ఎంట్రీలోని ఇన్‌స్టాలేషన్ మోడ్‌ను ఫోర్స్ ఇన్‌స్టాల్డ్ (తప్పనిసరిగా పెట్టు) నుంచి బ్లాక్డ్‌కు (నిషేధించు) మార్చండి, అప్పుడే అన్ని ఖాతాల్లోంచీ పోతుంది.