మా యాంప్లిఫయర్‌లో గజ్జెల మోత

నాలుగేళ్లకు పైగా మా ఇంట్లో పాటలు, పద్యాలు, జాతర రికార్డింగులు అన్నీ ఒకే క్లాస్ డి యాంప్లిఫయర్ (పాటను పల్సులుగా మార్చి పెద్దది చేసే రకం) మీద వింటున్నాను. అరచేతిలో పట్టే అల్యూమినియం డబ్బా, దానికో 24 వోల్టుల అడాప్టరు. వాట్ల లెక్కలు, వెనక ఎన్ని కనెక్షన్లున్నాయన్నది అందరికీ తెలిసినవే. నేను చెప్పాల్సింది గజ్జెల సంగతి.

2019లో సూర్యాపేట దగ్గరి పెద్దగట్టు జాతరలో నేను చేసుకున్న రికార్డింగు ఒకటుంది. దురాజ్‌పల్లి గుట్ట దారిలో భేరీలు మోగుతుంటే, కాళ్లకు గజ్జెలు కట్టుకున్నవాళ్లు "ఓ లింగా, ఓ లింగా" అంటూ నా భుజం రాసుకుంటూ గుట్టెక్కారు. జేబులో పట్టే రికార్డరుతో తీసిన పద్దెనిమిది నిమిషాలు. ఏ యాంప్ తెచ్చినా, ఏ స్పీకరు మార్చినా మొదట అదే పెట్టి వింటాను. స్టూడియోలో తీసిన పాట అసలు ఎలా ఉండేదో నాకు తెలియదు, ఇక్కడ మాత్రం నేను స్వయంగా ఉన్నాను.

అంతకుముందు నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర కట్టించుకున్న ఏబీ తరగతి యాంప్, అంటే పల్సులు లేని పాత పద్ధతిది, ఉండేది. మే నెలలో దాని హీట్‌సింకు (వేడిని బయటికి వదిలే లోహపు పలక) మీద చెయ్యి పెట్టలేకపోయేవాళ్లం. రాత్రిపూట పాట ఆగితే ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమనడం వినిపించేది. అందులో గజ్జెలు భేరీల వెనక ఎక్కడో ఇసుక రాలినట్టుగా ఉండేవి. 2021లో ఈ చిన్న డబ్బా తెచ్చి అదే రికార్డింగు పెడితే ఒక్కో గజ్జె విడిగా, గింజ గింజగా వినిపించింది. వంటింట్లో ఉన్న అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. ఆ సంవత్సరమంతా కనిపించినవాళ్లందరికీ ఈ యాంప్ గురించే చెప్పాను. మిర్యాలగూడలో ఉన్న మా బావ చేత కూడా అదే కొనిపించాను.

నెల తిరక్కుండానే ఆయన ఫోను చేశాడు. "బావా, నువ్వు చెప్పిన గజ్జెలేవి?"

ఆదివారం పెన్‌డ్రైవు జేబులో వేసుకుని వెళ్లాను. నిజమే, భేరీ గుండెకు తగులుతోంది, గొంతులు బాగున్నాయి, గజ్జెలు మాత్రం ఒక ముద్దగా ఉన్నాయి. ఆయనకు వచ్చిన పీసులో ఏదో లోపం ఉందనుకున్నాను. మరో వారం నా యాంప్ తీసుకెళ్లి ఆయన స్పీకర్లకు కలిపాను. అదే ముద్ద. ఆయన యాంప్ తెచ్చి మా ఇంట్లో పెడితే గజ్జెలు మళ్లీ విడివిడిగా మోగాయి. అంటే రెండు యాంప్‌లూ ఒకటే, తేడా స్పీకర్లది. ఆయన స్పీకర్లు నాసిరకమని తేల్చేశాను. ఆయనకు కోపం వచ్చింది, రావలసిందే.

ఆ తీర్పు తప్పని నాకు చూపించినది పాత యాంప్ కట్టించిన రిపేరు మాస్టారు. మా ఇంటికి వచ్చి, నా స్పీకరు తీగలు రెండింటి మధ్య వైరు చుట్టిన 8 ఓంల రెసిస్టరు (కరెంటుకు అడ్డుపడే ముక్క, ఆ అడ్డుకు కొలత ఓం) ఒకటి అడ్డంగా తగిలించి, తక్కువ వాల్యూములో రికార్డింగు పెట్టమన్నాడు. గజ్జెలు వెనక్కి జరిగాయి. భేరీ ఉన్నచోటే ఉంది. రెసిస్టరు తీశాడు, గజ్జెలు ముందుకు వచ్చాయి. ఆరేడుసార్లు అలా చేసి చూపించాడు. తర్వాత నా పాత ఏబీ యాంప్ మీద అదే పని చేస్తే ఏ తేడా లేదు.

కారణం ఆయన చెప్పినది ఇదీ. క్లాస్ డి యాంప్ పాటను సెకనుకు కొన్ని లక్షల సార్లు ఆన్ ఆఫ్ అయ్యే పల్సులుగా మారుస్తుంది. ఆ పల్సుల నుంచి మళ్లీ పాటను వడకట్టడానికి చివర కాయిలు, కెపాసిటరు ఉంటాయి. మా డబ్బాలో ఆ వడపోతను 4 ఓంల స్పీకరుకు లెక్కగట్టి పెట్టారు. దానికి 8 ఓంల స్పీకరు తగిలిస్తే పై శ్రుతులు ఉబ్బుతాయి. బావ స్పీకర్లు 4 ఓంలవి, నావి 8. నా స్పీకరుకు అడ్డంగా 8 ఓంల రెసిస్టరు పెడితే యాంప్‌కు అది 4 లాగే కనిపిస్తుంది. ఏడాదిపాటు నేను స్పష్టత అని మెచ్చుకున్నదాంట్లో కొంత ఆ ఉబ్బే. వడపోత దాటిన తర్వాతి సంకేతాన్ని వెనక్కి తెచ్చి సరిచూసుకునే క్లాస్ డి యాంప్‌లలో ఈ బాధ ఉండదు. ఫిలిప్స్‌లో ఉన్నప్పుడు ఇంజనీరు బ్రూనో పుట్జీస్ రూపొందించిన యూసీడీ అనే యాంప్ పద్ధతి ఆ దారిలోదే. అలాంటిది మా ఇంట్లో పెట్టి ఇంకా వినలేదు.

2023 ఫిబ్రవరిలో జాతరకు మళ్లీ వెళ్లినప్పుడు రికార్డరు తియ్యలేదు. ఊరికే నిలబడి విన్నాను. వందల కాళ్లు ఒక్కసారి నేలను తాకితే గజ్జెలు గింజలుగా వినపడవు, మట్టి వాసనతో కలిసి ఒక బరువైన గలగలగా వస్తాయి. మిర్యాలగూడలో నేను విన్నది దీనికే దగ్గర. జాతర నుంచే బావకు ఫోను చేసి, నీ స్పీకర్లు మంచివే అని చెప్పాను.

తర్వాత ఆ ఉబ్బును అణచడానికి మాస్టారు 10 ఓంల రెసిస్టరు, 1 మైక్రోఫారడ్ కెపాసిటరు వరసగా కలిపి, ఒక్కో స్పీకరుకు ఒకటి చొప్పున ప్లగ్గుల్లా తగిలించుకునేట్టు చేసి ఇచ్చాడు. మా యాంప్‌కు అది కుదిరింది. అందరికీ అదే కొలత సరిపోతుందని చెప్పలేను.

ఇంకొక చిక్కు నాన్నగారి రేడియో. యాంప్ ఆన్‌లో ఉంటే మీడియం వేవ్ 738 కిలోహెర్ట్జ్ మీద హైదరాబాద్ కేంద్రం వార్తలకు సన్నని ఈల తోడయ్యేది. స్పీకరు తీగలు పొట్టిగా కత్తిరించి, యాంప్‌ను అవతలి గోడకు మార్చాక తగ్గింది, పూర్తిగా పోలేదు. వార్తల వేళకు యాంప్ ఆపేస్తున్నాను. అడాప్టరు ఒకసారి కాలిపోయింది, మార్చాను.

ఇన్ని చెప్పినా ఇవాళ మళ్లీ కొనాల్సి వస్తే ఇదే రకం కొంటాను. మాది పన్నెండడుగుల గది, ఎండాకాలంలో పంకా గాలే వేడిగా ఉంటుంది. అలాంటి చోట మూడు గంటలు మోగినా గోరువెచ్చగా తప్ప ఉండని పెట్టె నాకు పెద్ద సుఖం. కరెంటు పోతే ఇన్వర్టరు మీద పాట ఆగదు. పెద్ద హాలు ఉన్నవాళ్లు, స్పీకర్లు తరచూ మార్చేవాళ్లు ఎలా చూస్తారో వాళ్లిష్టం. నన్నడిగితే మాత్రం ముందు మీ స్పీకరు ఎన్ని ఓంలదని అడుగుతాను.

ప్లగ్గులు పెట్టిన మొదటి రోజు అమ్మ విని, "గజ్జెలు తగ్గాయేమిరా?" అంది. ఆమె వినేటప్పుడు వాటిని తీసేస్తున్నాను.