నాచు విషానికి కార్బన్ పొడా, ఫోటోక్యాటలిస్టా?

2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడోలో దాదాపు 5 లక్షల మందిని కుళాయి నీళ్లు తాగొద్దన్నారు. కారణం ఈరీ సరస్సు నాచు వదిలిన మైక్రోసిస్టిన్ అనే విషం. కాచినా పోదది. దాన్ని నీళ్లలోంచి తీసేయడానికి రెండు దారులు: విషాన్ని పట్టుకునే యాక్టివేటెడ్ కార్బన్ పొడి, లేదా యూవీ (అతినీలలోహిత) వెలుగు పడితే విషాన్ని ముక్కలు చేసే ఫోటోక్యాటలిస్ట్, అంటే ఇక్కడ టైటానియం డయాక్సైడ్ నానో పొడి.

ఖర్చు: కార్బన్ పొడిని ఉన్న నీటిశుద్ధి ప్లాంటులోనే కలపొచ్చు. టైటానియం డయాక్సైడ్‌కు యూవీ దీపాల కరెంటు బిల్లే బరువు. ఎండ చాలదా అంటే, అందులో యూవీ సుమారు 5 శాతమే.

శ్రమ: కార్బన్‌ను వడగడితే సరి. నానో పొడి నీళ్లను పాలలా చేసి ఓ పట్టాన ఫిల్టర్‌కు చిక్కదు; గాజు పూసలకు పూతగా వేయాలి.

రిస్క్: కార్బన్ విషాన్ని పట్టుకుంటుంది, అంతే. వాడిన పొడిని ఎక్కడ పారేయాలన్నది మళ్లీ టెన్షన్. ఫోటోక్యాటలిస్ట్ అణువునే ముక్కలు చేస్తుంది. కానీ ల్యాబ్‌లో చూపిన జోరు, ఆకులు కుళ్లి టీ రంగుకొచ్చిన చెరువు నీళ్లలో ఉండదు. (కార్బన్‌కూ ఈ బాధ ఉందనుకోండి.)

ఊరికంతా నీళ్లివ్వాలి, విషం రాత్రికి రాత్రి వచ్చిపడింది అంటే కార్బనే. ముందే తేటపరిచిన కొద్దిపాటి నీళ్లు, చేతిలో టైమూ ఉంటే ఫోటోక్యాటలిస్ట్.