దవడ పన్నుకి అంటించే బ్రిడ్జి వేయించుకునేవాళ్ళు జాగ్రత్త అండీ

పక్క పళ్ళు అరగదీయక్కర్లేదు, ఇంజక్షన్ ఉండదు, రెండు సిట్టింగుల్లో అయిపోద్ది, ఇంక జీవితాంతం చూసుకోనక్కర్లేదు అని చెప్తే దవడ పన్ను విషయంలో మాత్రం వెంటనే అడ్వాన్స్ కట్టేయకండి. భీమవరంలో ఒక క్లినిక్‌లో ఇలాగే చెప్పి మా అమ్మకి కింద దవడ పన్ను తీసేసిన చోట మేరీల్యాండ్ బ్రిడ్జి వేశారు. అంటే మధ్యలో పెట్టుడు పన్ను, దానికి రెండు పక్కలా పల్చటి మెటల్ రెక్కలు, వాటిని అటూ ఇటూ ఉన్న పళ్ళ లోపలివైపు రెజిన్ సిమెంటుతో అంటిస్తారు, క్యాప్‌లాగా పన్నంతా కప్పరు.

అది మొత్తం ఊడి చేతిలోకి వచ్చేసినా బాగుండేది. ఒక రెక్క వదిలేసింది, రెండోది గట్టిగా పట్టుకునే ఉంది, దాంతో బ్రిడ్జి కదల్లేదు, నొప్పీ లేదు, అమ్మ మామూలుగానే చేగోడీలు నములుతుంది. వదిలిన రెక్క కింద సందులోకి తిన్నదల్లా దూరుతుంది, బ్రష్ వెళ్ళదు, లోపల మంచి పన్ను పుచ్చిపోతూనే ఉంది. నోరు వాసనొస్తుందంటే చిగుళ్ళనుకుని ఉప్పునీళ్ళు పుక్కిలించింది పాపం. నేను ఫోన్ లైటు వేసి ఆ పెట్టుడు పన్నుని వేలితో నొక్కితే రెక్క అంచు దగ్గర ఉమ్ము బుడగలు బుడగలుగా వచ్చింది. రాజమండ్రిలో వేరే డాక్టరు గారు తీసి చూపిస్తే వెనక పన్ను నల్లగా అయిపోయి ఉంది, దానికి రూట్ కెనాలు, క్యాపు. వేసినవాళ్ళనడిగితే గట్టివి తిన్నారు అంటారు! గోదావరి జిల్లాలో ఉండి పీతలు, చేగోడీలు తినకుండా ఎలాగండీ.

ఈ బ్రిడ్జి చెడ్డదని కాదు, ముందు పళ్ళకి ఒకే రెక్కతో వేస్తే బాగానే ఉంటుంది, వదిలితే వెంటనే తెలిసిపోద్ది కూడా. దవడ పళ్ళ మీద నమిలే బరువు ఎక్కువ, పైగా అటు పన్ను ఇటు పన్ను వేర్వేరుగా కొంచెం కదులుతాయి, ఆ లాగుడంతా సిమెంటు మీదే. అసలు అరగదీయం అన్నారంటేనే నాకిప్పుడు అనుమానం, రెక్క కుదురుగా కూర్చోడానికి ఎనామిల్‌లో, అంటే పన్ను పైనుండే గట్టి పొరలో, చిన్న గాడి తీస్తే పట్టు పెరుగుద్దంట. రెజిన్‌కి మంచి ఎనామిల్ కావాలి, మా అమ్మ పక్క పన్నుకి పెద్ద పాత ఫిల్లింగ్ ఉంది, అయినా వేసేశారు. అంటించేటప్పుడు ఉమ్ము తగలకూడదు, దానికి రబ్బర్ డ్యామ్ అని షీటు వేస్తారు, ఇక్కడ దూది పెట్టి కానిచ్చేశారు. నిద్రలో పళ్ళు కొరికే అలవాటున్నవాళ్ళకైతే ఇంకా కష్టం.

ఇప్పటికే వేయించుకున్నవాళ్ళు నొప్పి లేదు కదా అని ఊరుకోకుండా రెండు రెక్కలూ విడివిడిగా చెక్ చేయించుకోండి. కొత్తగా వేయించుకునేవాళ్ళు, ఒక రెక్క వదిలితే ఎవరు చూస్తారు, ఎంత తీసుకుంటారు అని ముందే అడిగి ఆ లైఫ్‌టైమ్ గ్యారంటీ ఏదో బిల్లు మీద రాయించుకోండి, మా బిల్లులో "బ్రిడ్జి" అన్న ముక్క, రేటు తప్ప ఇంకేం లేదు.