ఎలుకల జిగురు అంటితే: పల్లి నూనెనా, గ్యాస్‌నూనెనా (కిరోసిన్)?

ఎలుకలను పట్టే అట్ట మీది జిగురు మనిషికో, పిల్లికో అంటితే నీళ్లకు లొంగదు, నూనెకు మెత్తబడుతుంది.

ఖర్చు: పాలమూరు ఇండ్లలో పల్లి నూనె వంటింట్లోనే ఉంటుంది. గ్యాస్‌నూనెను ఇప్పుడు వెతుక్కోవాలి.

శ్రమ: గ్యాస్‌నూనెతో తొందరగా పోతుంది. పల్లి నూనె రాసి కాసేపు ఆగి, మెల్లగా రుద్ది, సబ్బుతో కడగాలి.

ప్రమాదం: అసలు తేడా ఇక్కడే. గ్యాస్‌నూనె చర్మాన్ని మండిస్తుంది, పొయ్యి దగ్గరైతే అంటుకుంటుంది. పిల్లి ఒళ్లు నాక్కోక మానదు. అట్లా గ్యాస్‌నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే దాని ప్రాణం మీదికే. ఏది రాసినా జిగురును పట్టి లాగొద్దు, తోలు ఊడొస్తుంది. కంట్లో, ముక్కులో అంటితే పశువుల డాక్టరు దగ్గరికే.

నేల: షాబాద్ బండ పల్లి నూనెను పీల్చి మరకవుతుంది. వెంటనే శనగపిండి చల్లి తుడవాలి.

మనిషికీ, పిల్లికీ, కుక్కకూ పల్లి నూనే. గ్యాస్‌నూనె ఇనుప గేటుకు పనికొస్తుంది, అదీ ఆరుబయట, నిప్పు లేని చోట.