రింగ్ పెసరీనా, గెల్‌హార్నా?

ముట్లు ఆగాక గర్భసంచి కిందికి జారిందంటే మన హైదరాబాద్‌లో చుట్టుపక్కల అందరూ చెప్పేది ఒకటే, "తీయించేయ్, పీడా పోతుంది" అని. ఆపరేషన్ ఒక్కటే దారి కాదు, సిలికాన్ పెసరీతో (జారిన గర్భసంచిని నిలబెట్టడానికి యోనిలో పెట్టే సాధనం) ఏళ్ల తరబడి హాయిగా తిరిగేవాళ్లున్నారు. వాటిలో ఎక్కువగా వాడేవి రెండు, రింగ్, గెల్‌హార్న్.

రింగ్ మెత్తగా మడతపడుతుంది. చేయి తిరిగితే రాత్రి మనమే తీసి, సబ్బునీళ్లతో కడిగి, పొద్దున మళ్లీ పెట్టుకోవచ్చు. లోపల ఉన్నా భార్యాభర్తల కలయికకి సాధారణంగా అడ్డురాదు. మరీ ఎక్కువగా జారకపోతే నా ఓటు దీనికే. కానీ కింది కండరాలు బాగా వదులైనవాళ్లకి ముక్కితే చాలు ఊడొచ్చేస్తుంది, ఇండియన్ టాయిలెట్ ఉన్న ఇంట్లో ఆ టెన్షన్ వేరే.

గెల్‌హార్న్ అంటే పళ్లెంలాంటి బిళ్ల, దానికో కాడ. లోపల అతుక్కుని గర్భసంచిని మోస్తుంది కాబట్టి బాగా కిందికి దిగినవాళ్లకి ఇదే నిలుస్తుంది. సొంతంగా తీయడం కష్టం, అది ఉండగా కలయిక కుదరదు, సుమారు 3 నెలలకోసారి డాక్టర్ దగ్గరికెళ్లాలి (వనస్థలిపురం నుంచి అమీర్‌పేట దాకా ట్రాఫిక్‌లో వెళ్లే ఓపిక కూడా లెక్కేసుకోండి).

ఏది పెట్టించుకున్నా దగ్గి, గొంతుక్కూర్చుని, ఒకసారి మూత్రానికి వెళ్లి చూసుకున్నాకే ఆసుపత్రి నుంచి కదలండి. సైజు కుదిరితే లోపల ఉన్నట్టే తెలియదు. పొడిబారి ఒరుసుకోకుండా డాక్టర్లు తరచూ ఈస్ట్రోజెన్ (ఆడ హార్మోన్) క్రీమ్ రాసిస్తారు, రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే ముందే చెప్పాలి. రక్తం కనబడినా, చెడు వాసన వచ్చినా, మూత్రం బిగుసుకున్నా ఇచ్చిన తారీఖు దాకా ఆగొద్దు.