జర్మన్ స్టీలు అని అమ్ముతున్న కత్తుల సెట్టు, దాంతో వచ్చే షార్పెనర్: కొనేముందు ఇది చదవండి

కర్రీ పాయింట్, మెస్, క్యాటరింగ్ నడిపేవాళ్ళు ముఖ్యంగా చదవండి. మా దగ్గర ఒక మనిషి చెయ్యి తెగింది, అందుకే రాస్తున్నాను.

మాది చిన్న కర్రీ పాయింట్. పొద్దున ఆరింటికి మొదలుపెడితే పదింటిలోపు ముప్పై కిలోల దాకా కూరగాయలు తరగాలి. రెండు నెలల క్రితం ఆన్‌లైన్‌లో 1,800 రూపాయలకి అయిదు కత్తుల సెట్టు తెప్పించాను. జర్మన్ స్టీలు, హోటళ్ళలో వాడే రకం అని రాశారు. బ్లేడు నిండా అలలు అలలుగా డమాస్కస్ డిజైను, అంటే ఉక్కు పొరలు కలిపి చేసిన కత్తి మీద కనిపించే గీతలు. కత్తిని గాడిలో పెట్టి లాగే చిన్న షార్పెనర్ ఫ్రీ.

వారం రోజులు బాగానే తెగాయి. తర్వాత టమాటా తొక్క మీద జారడం మొదలైంది. షార్పెనర్‌లో నాలుగుసార్లు లాగితే పదును వచ్చేది, మర్నాటికి మళ్ళీ మొద్దు. రోజూ లాగడం అలవాటైపోయింది. ఒక రోజు గుమ్మడికాయ కోస్తూ మా దగ్గర పనిచేసే అక్క ఒంట్లో బలమంతా పెట్టి నొక్కింది. కత్తి పక్కకి జారి ఎడమచేతి చూపుడువేలు తెగింది. శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కిపట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నాలుగు కుట్లు, టీటీ ఇంజెక్షను, పన్నెండు రోజులు ఇంట్లోనే. "నాదే తప్పు తమ్ముడూ, తొందరపడ్డాను" అంది. ఆమె తప్పు ఏమాత్రం లేదు. మొద్దు కత్తికి బలం ఎక్కువ పెట్టాలి, బలం పెట్టి నొక్కిన కత్తి జారితే చేతిలో ఆగదు. అలాంటి కత్తి ఆమె చేతికిచ్చింది నేను.

ఆ కత్తుల్ని మార్కెట్ దగ్గర సాన పట్టే పెద్దాయనకి చూపించాను. వెలుగులో పెట్టి చూడమన్నాడు. అంచు రంపంలా గాట్లు గాట్లుగా ఉంది. ఆ షార్పెనర్ గాడిలో ఉన్నవి కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థం ముక్కలు రెండు. అవి రాయిలా అరగదీయవు, లోహాన్ని గీరేస్తాయి. అందుకే కాసేపు పదునుగా అనిపించి వెంటనే పోతుంది, కత్తీ త్వరగా అరిగిపోతుంది. గాడిని తెల్ల కాగితం మీద తట్టి చూశాను, సన్నటి ఇనుప రజను రాలింది. కత్తిని తుడవకుండా తరిగితే అది కూరలోకే పోతుంది. నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఇదే.

రాయి మీద రెండుసార్లు రుద్దేసరికి ఆ చోట డమాస్కస్ డిజైను చెరిగిపోయింది. నిజంగా పొరలు పొరలుగా చేసిన ఉక్కయితే, అరగదీసినప్పుడు గీతలు మసకబారినా పొరలు లోపల ఉంటాయి, యాసిడ్ పట్టిస్తే మళ్ళీ తేలతాయి. ఇది పైపైన లేజర్‌తో గీసింది. ఒక కత్తి పిడి కూడా ఊగుతోంది. విప్పితే బ్లేడు లోపలికి రెండంగుళాలు కూడా లేదు.

జర్మన్ కత్తుల్లో ఎక్కువగా వాడే స్టీలు ఎక్స్50సీఆర్‌ఎంఓవీ15 (X50CrMoV15). అందులో కార్బన్ 0.5 శాతం, క్రోమియం 15 శాతం దగ్గర ఉంటాయి. గట్టిదనం రాక్‌వెల్ లెక్కలో 55 నుంచి 58 మధ్య చెబుతారు. మాకొచ్చిన పెట్టె మీద స్టీలు పేరూ లేదు, ఈ అంకే లేదు, ఏ దేశంలో తయారైందో కూడా లేదు. ఈ మూడూ కనిపించకపోతే కొనకండి. పిడి చివరిదాకా బ్లేడు ఉందో లేదో పక్కనుంచి తీసిన ఫొటోలో చూడండి.

అమ్మినవాళ్ళని అడిగితే ఏడు రోజుల రిటర్న్ గడువు దాటింది, పైగా వాడేసిన సరుకు అన్నారు. 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. బిల్లు, పెట్టె ఫొటోలు, ఆన్‌లైన్ పేజీ స్క్రీన్‌షాటు ఉంచుకున్నందుకే అది నమోదు చేయగలిగాను.

ఇప్పుడు స్టీలు సామాన్ల కొట్లో చేత్తో పట్టుకుని చూసి రెండు ఎనిమిదంగుళాల కత్తులు కొన్నాను, ఒక పక్క 1000, ఇంకో పక్క 6000 గ్రిట్ ఉన్న సానరాయి కూడా (గ్రిట్ అంటే రాయి గరుకు కొలత, అంకె పెరిగేకొద్దీ నున్నన). రాయిని నీళ్ళలో నానబెట్టి, కదలకుండా కింద తడిగుడ్డ వేసి, 15 నుంచి 20 డిగ్రీల వాలులో రుద్దుతాం. పని మొత్తం అయ్యాకే ఈ పని, కస్టమర్లు నిలబడి ఉన్నప్పుడు అస్సలు వద్దు. తర్వాత కత్తి వీపు వైపు నుంచి అంచు వైపుకి తుడిచి, కడుగుతాం. కరెంటు సాన చక్రానికి ఇచ్చేవాళ్ళు ఒకటి గమనించండి: అంచు వేడెక్కి నీలం రంగుకి తిరిగితే ఆ చోట ఉక్కు పట్టు పోయినట్టే, ఇక పదును నిలవదు.

అక్క పనికి తిరిగొచ్చింది. కాయని పట్టుకునే చేతి వేళ్ళ కొసలు లోపలికి మడిచి తరగడం ఇద్దరం కలిసి నేర్చుకుంటున్నాం. నురగ నీళ్ళున్న సింకులో కత్తి వదలడం మానేశాం. చేయి జారి పడే కత్తిని ఎవరూ పట్టుకోబోకుండా కాళ్ళు వెనక్కి తీసుకోమని అందరికీ చెప్పాను.

పాత అయిదు కత్తులూ అట్టలో చుట్టి టేపు వేసి పక్కన పెట్టాను, ఫిర్యాదు తేలేదాకా పారేయను. ఇలాంటి సెట్టు ఈ వారమే మీ ఇంటికి వచ్చి ఉంటే, గడువు దాటకముందే, కత్తులు వాడకముందే వెనక్కి పంపేయండి.